ఆపేసిన విమానం

కలకత్తా డమ్ డమ్ విమానాశ్రయం రన్‌వే మీద పరుగు మధ్యలో విమానాన్ని ఆపి వెనక్కి తెచ్చినందుకు కెప్టెన్ భానుమతికి దక్కినవి తిట్లే. తన వైపు స్పీడు మీటరు ఒకటీ, కోపైలట్ వైపుది ఇంకొకటీ చెబుతుంటే బుద్ధున్నవాడెవడైనా గాల్లోకి లేపుతాడా? ప్రయాణికులు ఆడిపోసుకుంటూ దిగిపోయారు. కోపైలట్ వాళ్ల వెంటే వెళ్లాడు. డ్యూటీ మేనేజరు ఫోన్ చేశాడు.

"రీసెట్ చేసి బయల్దేరండి మేడమ్. అదంతా మీ భయం."

"నా భయమా? నువ్వొచ్చి కూర్చో ఈ సీట్లో!"

ఫోన్ విసిరికొట్టి తలెత్తింది. ఇంజన్లు ఆగి ఉన్నాయి. తెరలన్నీ నల్లబడ్డాయి, ఆమె ఎదుటిది తప్ప. దాని మీద వేగం పెరుగుతోంది. ఎత్తు కూడా.

మీటర్లు చూడ్డానికి కాక్‌పిట్‌లోకి వచ్చిన ఇంజినీరు వెంకటేశు, కలకత్తా గార్డెన్ రీచ్ తెలుగువాళ్ల పేటలో పుట్టి పెరిగినవాడు, స్విచ్చులన్నీ మళ్లీ తడిమి చూశాడు. "కరెంటంతా తీసేసేను మేడమ్. మరిదేటి?"

ఎత్తు పదివేల అడుగులు దాటింది. ఒక్క క్షణం నిలిచింది. తర్వాత కిందికి జారడం మొదలెట్టింది, అంతకంతకూ వేగంగా.

"ఆపేశాను కదా!" భానుమతి తెర మీద విరుచుకుపడింది. "అందర్నీ దింపేశాను కదా! ఇంకేం కావాలి?"

వెనక ఖాళీ క్యాబిన్‌లో ఎవరో పిలుపు గంట నొక్కారు. ఆ వెంటనే అన్ని సీట్ల గంటలూ మోగాయి.