కిటుకు

"ఇప్పుడు నేను చదివిన ఐదు మాటలూ తిరిగి చెప్పు," అన్నాడు జట్టు డాక్టర్ ఫెర్గస్.

"గొర్రె, వాన..." టైగ్ ఆగిపోయాడు.

ఫెర్గస్ పకపకా నవ్వాడు. "నా దగ్గరా నాటకాలు? సీజన్ మొదట్లో చేసే ఈ పరీక్షలోనే మతిమరుపు నటిస్తే, రేపు తలకు దెబ్బ తగిలాక మళ్లీ పరీక్షించినా తేడా కనబడదు, మైదానంలోంచి పంపెయ్యరు. మనం కలిసి ఆడిన రోజుల్లో ఈ కిటుకు నీకు నేర్పిందే నేను కదరా!"

టైగ్ కూడా నవ్వాడు. ఆరు రగ్బీ క్లబ్బులు తిరిగి, ముప్పైనాలుగేళ్లకు సొంతూరు లిమరిక్ చేరాడు. ఈ ఊరి క్లబ్బువాళ్లు కూడా కాదంటే ఇంక ఆడటానికి పిలిచేవాళ్లు లేరు.

"సరే, ఈసారి నిజంగా చెప్పు."

"గొర్రె..." కిటికీ బయట జల్లు కనబడ్డాక, "వాన" అన్నాడు.

ఫెర్గస్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"ఇందాక కూడా నిజంగానే చెప్పానురా," అన్నాడు టైగ్.