రోడ్డు చూసొచ్చే మనిషి

డ్రైవింగ్ స్కూల్ కారు ఇవాళ కూడా ఆగకుండా వెళ్లిపోయింది.

"అదిగో, చూడు!" అంది దేదీప్య బాల్కనీలోంచి.

నెత్తిన పసుపుపచ్చ బోర్డు పెట్టుకున్న ఆ కారు అపార్ట్‌మెంట్ ముందునుంచే నెమ్మదిగా సాగి, డేటా సెంటర్ల వైపు మలుపు తిరిగింది.

"నీ డ్రైవింగ్‌కి భయపడి పారిపోతున్నాడేమో," అన్నాడు రఘు.

మొగుడి భుజం మీద ఒక్కటి వేసింది.

పెళ్లయి మూడు నెలలు. అమెరికాలోని ఆష్‌బర్న్ వచ్చి రెండు. అతనేమన్నా నవ్వొచ్చే రోజులే. కానీ ఈ విషయంలో నవ్వు రావడం లేదు.

ఆగస్టు ఇరవై ఐదున కాలేజీ మొదలు. ఎమ్మెస్‌లో సీటొచ్చింది. ఆ దారిలో బస్సు లేదు. రఘు ఆఫీస్ అటు, కాలేజీ ఇటు. ఈలోగా లైసెన్స్ రాకపోతే సీటు పోయినట్టే.

పది నిమిషాలకి కారు తిరిగొచ్చింది.

డ్రైవింగ్ నేర్పే గఫూర్ దిగి, ఆమెకి స్టీరింగ్ వదిలి, పక్క సీట్లోకి మారాడు. అరవై దాటిన అఫ్గాన్ మనిషి. పెషావర్‌లో శరణార్థిగా ఉన్నప్పుడు నేర్చుకున్న హిందీలో మాట్లాడతాడు.

"క్లాసు నాలుగింటికి కదా అంకుల్?"

"అవును బేటీ."

"మరి ఎటు వెళ్లారు?"

"రోడ్డు చూసొచ్చాను."

"రోడ్డుకేమైంది?"

"ఏమీ కాలేదు. బాగుంది," అన్నాడు తృప్తిగా.

"నిన్నా బాగానే ఉందిగా!"

"అది నిన్న."

మనిషి మంచివాడే. ఆమె మొదటిసారి లెఫ్ట్ టర్న్ తీసుకున్నప్పుడు చప్పట్లు కొట్టాడు. ఆ టర్న్ గురించి ఆమె ఇంటికి ఫోన్ చేసి అమ్మకి అరగంట చెప్పింది.

"ఎందుకమ్మా ఇంత తొందర?" అని అడిగాడొకరోజు.

"కాలేజీకి వెళ్లాలి అంకుల్."

గఫూర్ సీట్లో నిటారుగా కూర్చున్నాడు. "కాలేజీకా!" అని మాత్రం అన్నాడు.

ఆ మర్నాటి నుంచి పది నిమిషాలు కాస్తా పదిహేనయ్యాయి.

టెస్ట్‌లో దేదీప్య ఫెయిలయింది. స్టాప్ సైన్ దగ్గర కారు పూర్తిగా ఆపలేదట.

"ఆ పదిహేను నిమిషాలూ నాకు దక్కి ఉంటే పాసయ్యేదాన్ని," అంది రఘుతో, కళ్లు తుడుచుకుంటూ.

అదే మాట మీద డ్రైవింగ్ స్కూల్ ఓనర్ జితేందర్‌కి ఫోన్ చేసింది. కరీంనగర్ మనిషి.

"అన్నా, గంట బుక్ చేస్తే ముప్పావుగంటే నేర్పిస్తున్నారు. మిగతా టైమంతా ఆయన ఒక్కడే తిరిగొస్తాడు."

"నేను మస్తు సార్లు చెప్పిన చెల్లే, ఇనడు. ఇంకో ఇద్దరు గూడ గిట్లనే కంప్లైంట్ చేసిన్రు. ఇగ తీసేస్త."

"తీసెయ్యమని కాదన్నా. నాకు వేరేవాళ్లని ఇవ్వమని..."

"నేను చూస్కుంట గదా."

ఫోన్ పెట్టేశాక మనసులో కాస్త గుచ్చుకుంది. శుక్రవారం కొత్తాయన నాలుగు గంటలకల్లా గుమ్మం ముందున్నాడు. ఆ గుచ్చుకున్నదీ పోయింది.

రెండోసారి పాసయింది. లైసెన్స్ మీద తన ఫొటో పళ్లికిలించినట్టుందని రఘు ఏడిపిస్తే, ఆ కార్డే పట్టుకుని ఇల్లంతా తిరిగింది. ఇరవై ఐదున ఒక్కతే కాలేజీకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లింది. పార్కింగ్‌లో రెండు గీతల మధ్య తిన్నగా పెట్టిన కారుని దిగి మరీ చూసుకుంది.

క్లాసులో పక్క సీటు జర్మీనాది. అఫ్గానిస్తాన్ అమ్మాయి. వారం తిరిగేసరికి ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఒక సాయంత్రం జర్మీనా తనని ఇంటి దగ్గర దింపమని అడిగింది.

"బాగా నడుపుతున్నావే! ఎవరు నేర్పారు?" అంది దారిలో.

"మొదట మీ దేశం ఆయనే. గఫూర్ అని. ఏం మనిషో! రోజూ నన్ను ఎక్కించుకునే ముందు ఒక్కడే వెళ్లి రోడ్డు చూసొచ్చేవాడు. జింకలు అడ్డం ఉన్నాయేమోనని కాబోలు!" దేదీప్య పకపకా నవ్వింది.

జర్మీనా నవ్వలేదు.

"ఫొటో ఉందా?"

దేదీప్య కారు పక్కకి ఆపింది. మొదటి క్లాసు రోజు దిగిన సెల్ఫీ వెతికి చూపించింది. జర్మీనా ఆ మొహాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"ఇప్పుడెక్కడున్నాడు?"

దేదీప్య జితేందర్‌కి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది.

"టెక్సస్‌ల చుట్టాలున్నరని ఎల్లిపోయిండు చెల్లే. ఈడ మళ్ల పని దొరకలే పాపం. నంబర్ గూడ మారింది. ఏమైంది?"

"ఏం లేదన్నా," అని ఫోన్ పెట్టేసింది.

జితేందర్ తెలుగులో చెప్పినదాన్ని జర్మీనాకి ఇంగ్లిష్‌లో చెప్పింది. తన కంప్లైంట్ సంగతి కూడా దాచలేదు. జర్మీనా కోప్పడలేదు. అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూ చెప్పింది.

"అమెరికా సైన్యం మా దగ్గర ఆడపిల్లలకి స్కూలు కట్టింది. ఆ సైన్యం వాహనాల్ని పేల్చడానికి అవతలివాళ్లు ఆ స్కూలు దారిలో మందుపాతరలు పెట్టేవాళ్లు. రాత్రికి రాత్రి, ఎక్కడంటే అక్కడ. చివరికి సైనికులు హెలికాప్టర్లలో తిరగడం మొదలుపెట్టారు."

"మరి మీరు?"

"మాకు గఫూర్ చాచా వ్యానుంది. పద్దెనిమిది మందిమి. నాలుగేళ్లు."

"అదే రోడ్డు మీదా?"

"అదే రోడ్డు. పొద్దున్నే మమ్మల్ని గోడవారగా నిలబెట్టి, ఖాళీ వ్యాన్ తోలుకుంటూ ఒక్కడే స్కూలుదాకా వెళ్లేవాడు," అంది జర్మీనా. "బతికి తిరిగొస్తే, అప్పుడు మమ్మల్ని ఎక్కించుకునేవాడు."