మూడోసారి పగిలిన అద్దం

వెనక గది బాత్రూము వెంటిలేటర్ అద్దం పగలడం ఆ ఏడాది అది మూడోసారి.

ఇంటావిడ ఉసూరుమంటూ రిపేర్ల పుస్తకం తీసింది.

భర్త పోయాక ఆమెకున్న ఆధారం ఆ ఇల్లు, అందులో అద్దెకుండే ఐదుగురు కాలేజీ అమ్మాయిలు. ఏడాదికి ఒక నెల అద్దె రిపేర్లకని పక్కన పెడుతుంది. కారే కప్పు, ఊడిన తలుపులు, గోడలకు సున్నం, అన్నీ అందులోనే తేలాలి. ఈసారి కప్పే సగం మింగేసింది.

'గీజరుకి పొగగొట్టం' అన్న పద్దు మాత్రం నాలుగేళ్ళుగా ఒక పేజీలోంచి ఇంకో పేజీకి బదిలీ అవుతూనే ఉంది. పాపం, ఆమె పిసినారి కాదు. పిల్లల మంచాల మీద నీళ్ళు కారుతుంటే కంటికి కనపడని పొగ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

అద్దాల కొట్టువాడు కొలత కూడా అడగలేదు.

"మీ ఒక్కరిదే కాదమ్మా. ఊళ్ళో ఇంకో నాలుగిళ్ళకి ఇదే వరస. ఎవడో మహానుభావుడు నాకు బేరం పెట్టిపోతున్నాడు" అని నవ్వాడు.

ఆమెకు నవ్వు రాలేదు. అద్దం వేయించి, రోజూ పొద్దున్నే వెనక సందులో కాపు కాసింది.

మూడో రోజు దొరికాడు.

యాభై ఏళ్ళ మనిషి. ఉతికిన చొక్కా. కిటికీ కింద గోనెపట్టా పరిచి, గుడ్డ చుట్టిన కర్రతో అద్దాన్ని ఒక్క పోటు పొడిచాడు. ఆమెను చూసి కూడా పారిపోలేదు. ముందు గాజుముక్కలన్నీ ఏరి పట్టాలో మూటకట్టాడు.

"నీకేం అపకారం చేశానయ్యా?" అంది ఆమె.

"అద్దం వెయ్యకండమ్మా. లోపల గ్యాస్ గీజరుంది. పొగ పోవడానికి వేరే దారి లేదు."

"లోపల ఏముందో నీకెలా తెలుసు?"

అతను ఆ మాట దాటేసి, గాజు మూట పక్కన పెట్టాడు.

"గొట్టం కొనివ్వండి. నేను లోపలికొచ్చి బిగిస్తాను. కూలి వద్దు."

ఆమె వెనక్కి జరిగింది. కూలి వద్దన్న పనివాణ్ణి ఆమె తన జన్మలో చూడలేదు. పైగా అది ఆడపిల్లల బాత్రూము. వీడి కన్ను దేనిమీదుందో ఆమెకు అర్థమైపోయింది, అర్థమైందనే అనుకుంది.

కేక వేస్తే నలుగురూ పోగయ్యారు. ఒకరిద్దరు చెయ్యి కూడా చేసుకున్నారు. అతను తిరగబడలేదు. అద్దం వెయ్యొద్దన్న మాటే మళ్ళీ మళ్ళీ అన్నాడు.

"వెనకటికెవడో, పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టండన్నాట్ట. ఇంకోసారి కనపడితే పోలీసులకి అప్పజెప్తాను" అంది ఆమె.

పోలీసులన్న మాటకు అతని మొహం పాలిపోయింది. దాంతో ఆమె అనుమానం కాస్తా రూఢి అయింది.

ఈసారి అద్దం కొనలేదు. ఆ వెంటిలేటర్ కంత కాస్తా ఇటుకలతో పూడిపించి, అద్దం అంచున ఉండేపాటి సందు కూడా లేకుండా లోపలా బయటా సిమెంటు మెత్తించింది. ఒక్క అద్దం ఖరీదులో పని తేలిపోయింది. 'ఇక ఈ ఖర్చు ఉండదు' అని పుస్తకంలో రాసుకుని, ఆ రోజు తృప్తిగా అన్నం తింది.

వెనక గదిలో ఉండే కళ్ళజోడు అమ్మాయి మరీ సంబరపడింది.

"ఇప్పుడు వెచ్చగా ఉంది పిన్నీ. ఇన్నాళ్ళూ స్నానానికి వెళ్ళాలంటే వణుకొచ్చేది."

మర్నాడు గేటు దగ్గర కొత్త రేకు గొట్టం ఒకటి ఆనించి ఉంది. వాడి పనేనని ఆమెకు తెలిసింది. ముట్టుకోవడానికే రోత పుట్టి, కాలితో మెట్ల కిందికి నెట్టేసింది.

తొమ్మిదో రోజు అమ్మాయికి పరీక్ష. పొద్దున్నే బాత్రూములోకి వెళ్ళింది.

ఎంతసేపటికీ నీళ్ళ చప్పుడు ఆగలేదు.

పిలిచారు. తట్టారు. చివరికి తలుపు పగలగొట్టారు. లోపల ఏ వాసనా లేదు. వేడినీళ్ళు బకెట్టు నిండి పొర్లుతున్నాయి. కళ్ళజోడు సబ్బుపెట్టె పక్కన మడిచి ఉంది. అమ్మాయి మాత్రం ఇక లేవలేదు.

మధ్యాహ్నం వచ్చిన ఇన్‌స్పెక్టరు గీజరును చూశాడు, పూడ్చిన ఇటుకలను చూశాడు. ఎవరు బిగించారని అడిగాడు. భర్త ఉన్నప్పుడు ఎవరో తక్కువకి బిగించి పోయారని, ఆ మనిషిని తానెప్పుడూ చూడలేదని చెప్పింది. ఏడుస్తూనే, అద్దాలు పగలగొట్టేవాడి సంగతీ చెప్పింది.

 ఇన్‌స్పెక్టరు ఫోనులో ఉన్న పాత ఫొటో ఒకటి వెతికి ఆమె ముందు పెట్టాడు.

"ఇతనేనా?"

అదే మొహం. ఆమె తలూపింది.

"డబ్బు కలిసొస్తుందని అడిగినవాళ్ళకి, గొట్టాలు లేకుండా మీ ఇంటితో కలిపి ఈ ఊళ్ళో ఆరిళ్ళకి గీజర్లు బిగించింది ఇతనేనమ్మా, మొదటింట్లో ఒక కుర్రాడు పోతే నాలుగేళ్ళు జైల్లో ఉండి ఈ ఏడాదే బయటికొచ్చాడు" అన్నాడు.