మిగతా సగం

సగం సీసా మందు ఆడగుర్రం గర్భసంచిలోకి పోసి, లాయం అత్త మూత బిగిస్తోంది.

“మిగతా సగం ఎవరికి తల్లీ?” అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

నెత్తిన టోపీ, భుజాన సంచీ, బక్కపలచటి ముసలాయన.

“పక్కదానికి.”

“దానికీ చీము పడుతోందా?”

“లేదు. శుభ్రంగా ఉంది. ముందు జాగ్రత్తకి పోస్తున్నా.”

“జబ్బున్నదానికి చాలకుండా, లేనిదానికి అక్కర్లేకుండా! భలే పంపకం.”

అత్తకి ఒళ్ళు మండింది.

ఎప్పుడో ఒక డాక్టరు రాసిచ్చిన మందది. అప్పట్నుంచి, గుర్రాలను పోతుగుర్రం దగ్గరికి పంపిన ప్రతిసారీ సీసాలో సగం దీనికి, సగం దానికి. అదీ ఆమె చేతివైద్యం. చుట్టుపక్కల గుర్రాలవాళ్ళంతా ఆమెను చూసే నేర్చుకున్నారు.

కానీ ఇప్పుడు మందు పోసిన ఈ చుక్కకే కడుపు నిలవడం లేదు.

నుదుట తెల్లమచ్చ ఉన్న ఆ చుక్కంటే అత్తకి పంచప్రాణాలు. తన చేతుల్లో పుట్టింది, తన చేతుల మీద పెరిగింది.

ఆమె భర్త, ఊరందరికీ మామ, ఇప్పటికే తెగేసి చెప్పాడు. “ఈ సీజనుకీ చూలు కట్టకపోతే అమ్మేస్తా. తర్వాత ఏడ్చి లాభం లేదు.”

“ఏ కంపెనీ మీది బాబాయ్?” నడుమున చెయ్యి పెట్టుకుని అడిగింది అత్త.

“కంపెనీయా?”

“ఈ మందు మాన్పించి మీ మందు అంటగడతారు, అంతేగా? ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూళ్ళేదు!”

ముసలాయన సంచీ బోర్లించాడు. తువ్వాలు, కళ్ళజోడు, పొడుగాటి దూదిపుల్లలు. మందు సీసా అన్నదే లేదు.

“సగం మందుకి క్రిమి చావదమ్మా, ముదురుతుంది. పోసేకొద్దీ ఆ మందంటే భయం పోతుంది దానికి. ఇప్పుడు దీని గర్భసంచిలో కాపురమున్నవి అలాంటి ముదుర్లే. ఏ మందుకి చస్తాయో ముందు తేల్చుకుందాం. అందాకా ఏ సీసా ముట్టుకోకు.”

“అసలు మందే వద్దనే కంపెనీ కూడా ఉందన్నమాట!” పక్కనుంచి మామ అందుకున్నాడు.

“మీరు చెప్పినట్టే చేశాం అనుకోండి. అప్పటికీ ఇది కట్టకపోతే?” అంది అత్త.

“ఆ గుంజకి నన్ను కట్టెయ్యి.”

అత్తకి నవ్వాగలేదు. అమ్మేలోగా ఈ ముచ్చటా చూద్దాం, పోయేదేముంది అనుకుంది.

చుక్క ఎదకొచ్చినప్పుడు ముసలాయనే గర్భసంచిలోంచి దూదిపుల్లతో తడి తీసి పట్నంలోని ల్యాబుకి పంపాడు.

జవాబు వచ్చింది. ఆమె ఇన్నాళ్ళూ పోసింది ఆ క్రిములకి మంచినీళ్ళట. ల్యాబువాళ్ళు ప్రయోగించి చూసిన మందుల్లో ఒక్కటంటే ఒక్కటే వాటిని చంపిందట.

“ఒక్కటైనా మిగిలింది, అదృష్టవంతురాలివి. ఇది మాత్రం మొత్తం దీనికే. పక్కదానికి వాసన కూడా చూపించకు.”

ముందు కడగాలన్నాడు. గోరువెచ్చటి సెలైను గొట్టంతో లోపలికి పంపి, మళ్ళీ బయటికి తీశాడు. కుడితిలా వచ్చింది. మళ్ళీ కడిగాడు.

ఉన్నట్టుండి చుక్క తోకతో ఆయన మొహాన ఒక్కటిచ్చుకుంది. టోపీ ఎగిరి బకెట్లో పడింది.

మామ పడీపడీ నవ్వాడు. అత్త ఫోన్లో ఫొటో తీసింది.

“తియ్యి తల్లీ, తియ్యి. మా కంపెనీకి పంపిద్దాం,” అన్నాడు ముసలాయన, గడ్డం మీది నీళ్ళు తుడుచుకుంటూ.

నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగారు. ఆ ఒక్క మందూ చివరిదాకా వాడారు. తర్వాతి ఎదకి చుక్కను పోతు దగ్గరికి పంపారు కానీ, ఆ వెంటనే మందు పొయ్యలేదు. అత్త చెయ్యి మాత్రం అలవాటుకొద్దీ అలమర దాకా వెళ్ళి, బుద్ధి తెచ్చుకుని వెనక్కొచ్చింది.

స్కానింగు తెర మీద గుండ్రటి నల్ల బుడగలా పిండం కనబడిన రోజు లాయంలో ఒకటే కేరింతలు. అత్త చుక్క మెడ కావలించుకుని ఏడ్చేసింది.

ముసలాయన సంచీ భుజానేసుకున్నాడు. “పై ఊళ్ళోనూ సగం సగం పోస్తున్నారట. వెళ్ళొస్తా.”

“ఇప్పుడైనా కంపెనీ పేరు చెప్పండి బాబాయ్!”

“ఎప్పుడో రిటైరయ్యానమ్మా!” నవ్వుతూ మలుపు తిరిగిపోయాడు.

నెలలు నిండి చుక్క ఈనింది. గుర్రప్పిల్ల లేవబోయింది. నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పోయాయి. బొక్కబోర్లా పడి, బుస్సుమని మళ్ళీ లేచింది. అమ్మేస్తానన్న మామే దాన్ని తువ్వాలుతో తుడుస్తూ, “నా బంగారు కొండ! మీ అమ్మమ్మ మాట నమ్మకు, నిన్ను మొదట చూసింది నేనే,” అని ముద్దులాడుతున్నాడు.

తల్లీపిల్లల్ని చూడ్డానికి కొత్తగా వచ్చిన పశువుల డాక్టరమ్మ, అత్త చెప్పిందంతా విని కడుపుబ్బ నవ్వింది.

“అందుకే దీనికి కంపెనీ అని పేరెట్టాం. ఆయనగారు ఈసారొస్తే చూపించాలి. ఇదిగో, ఈయనే!” అంటూ అత్త ఫోన్లో ఫొటో చూపించింది.

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. గడ్డిమోపు మీద కూర్చున్నదల్లా లేచి నిలబడింది.

“ఇక రారండీ. మొన్న చలికాలంలో నిద్రలోనే పోయారు. ఆ రోజు మా కాలేజీకి సెలవిచ్చారు.”

గుర్రప్పిల్ల తడి మూతితో అత్త అరచెయ్యి పొడిచింది.

“ఆయన పోతే మీకు సెలవేంటమ్మా? ఇంతకీ ఎవరాయన?”

“మీరు సగం సగం పోసిన ఆ మందుంది చూశారూ, దాన్ని కనిపెట్టింది ఆయనేనండీ.”