పెట్టె చెప్పిన చల్లదనం

"పెట్టెలో ఒక్క రోజు కూడా ముప్పై డిగ్రీలు దాటలేదు. నాకేమో చెమట ఆగడం లేదు. ఎక్కడో తేడా ఉంది సార్" అంది ఇంద్రాణి, చున్నీతో మెడ తుడుచుకుంటూ.

కొత్త మండలాఫీసుకు హరిత భవనం గుర్తింపు ఇవ్వొచ్చో లేదో తేల్చే పని ఆమెది. లోపలి వేడిని రాసుకునే ఆ చిన్న పెట్టెను ఎండాకాలం మొదట్లో ఆమే హాలు గోడకు తగిలించి వెళ్లింది. ఇప్పుడు విప్పి లాప్‌టాప్‌కు కలిపింది.

భవనం కట్టిన కాంట్రాక్టరు లక్ష్మీపతి మనసులో కూడికలు మొదలయ్యాయి. గుర్తింపు వస్తే గుమ్మం పక్కన ఇత్తడి ఫలకం. ఫలకం ఉంటే కణేకల్లులో కట్టబోయే ఆసుపత్రి పని. రాకపోతే మందపాటి గోడలూ, పైన పరిచిన తెల్ల టైల్సూ దండగ.

"ఎండలో బస్సు దిగొచ్చినారు మేడమ్, ఆ వేడి మీ ఒంట్లోది. పెట్టె ఏమన్నా నాకు బామ్మర్దా, నా పక్క మాట్లాడేకి?"

"ఎవరైనా కదిలించారేమో."

"మారెక్కకు అప్పజెప్పిందే మీరు గదా!"

ఆఫీసు ఊడ్చే మారెక్క అప్పుడే మంచినీళ్లు తెచ్చింది. ఆమెను ఆటపట్టించకుండా లక్ష్మీపతి ఉండలేడు.

"ఏం మారెక్కా, మీ మట్టి మిద్దె ఇంగా పడగొట్టలేదా? ఊ అను, నేనే స్లాబ్ ఏపిస్తా."

"మా నాయన కట్టింది సార్, ఉండనీ."

ఇంద్రాణి అడిగింది: "ఈ పెట్టెను ఎవరైనా ముట్టుకున్నారా మారెక్కా?"

"ఒక్కర్ని దగ్గరికి రానిస్తే ఒట్టు! శానా ఖరీదు, జాగర్తగా చూసుకోమంటివి గదమ్మా."

"ఇన్నారా? ఇంగ సంతకం పెట్టేయండి మేడమ్!"

ఇంద్రాణి పెన్ను తీసింది. లక్ష్మీపతి అప్పటికే మనసులో ఫలకానికి మేకులు కొట్టించేశాడు, ఆసుపత్రికి పునాదులు తవ్విస్తున్నాడు. ఆ సంబరంలో ఇంకొక్క మాట కలిపాడు.

"ఎంత జాగర్తగా చూసుకుంటివో మేడమ్‌కు చెప్పు మారెక్కా."

మారెక్క సిగ్గుపడింది.

"ఏముంది సార్. ఈ ఉక్కలో ఉంటే చెడిపోతాదని భయమేసె. మేడమ్ పోయిన దినమే విప్పుకొని పోయినా, ఈ పొద్దున మేడమ్ వచ్చే ముందరే తెచ్చి తగిలించినా. అన్నాళ్లూ మా మట్టి మిద్దెలోనే సల్లగా ఉన్నింది."