సైగలు తెలిసినవాడు

మోకాళ్ళు అరిగాయని పోయినేడు తనను గెంటేసిన జట్టునే సింగపూర్‌లోని టాంపినీస్ బాస్కెట్‌బాల్ ఫైనల్లో ఓడించాడు జయరాం. వాళ్ళ కెప్టెన్ చేసే సైగలన్నీ అతనికి కంఠతా వచ్చు. గెంటేసినవాడికి జ్ఞాపకం కూడా ఉండదనుకున్నారు కాబోలు, ఒక్కటీ మార్చలేదు! సైగ పడగానే జయరాం "ఎడమవైపు!" అని అరిచేవాడు, బంతి అతని కొత్త జట్టు చేతికొచ్చేది. పాత కోచ్ తలదించుకుంటే జయరాం కడుపు నిండింది.

డాట్‌కామ్ డబ్బుతో ఆ కొత్త జట్టు పెట్టిన మహీధర్ భుజం తట్టాడు.

"అదరగొట్టారు అంకుల్! వచ్చే సీజన్‌కి మాత్రం కుర్రాళ్ళే. మిమ్మల్ని తీసుకుంది ఈ మ్యాచ్ కోసమే కదా."

పిండుకుని పారేయడానికి ఆటైతేనేం, ఆఫీసైతేనేం!

జయరాం బూట్లు సంచిలో వేసుకుంటూ సింగపూర్ యాసలో అన్నాడు.

"పర్లేదు లా, తమ్ముడూ. మీ సైగలూ నేర్చేసుకున్నాలే."

వెళ్ళి, ఓడిన జట్టు గది తలుపు తట్టాడు.