పలక మీద మొదటి పాట

"ఇంక పైకెక్కడానికి చోటు లేదయ్యా మీ పాటకి," అంటూ సంజీవరావు గారు తడిగుడ్డతో పలక తుడిచి, మొదటి వరసలో సుద్దతో 'రేవు' అని రాశారు.

డెబ్బై నాలుగులో బెజవాడ ఏలూరు రోడ్డులో ఆయన రికార్డుల షాపు గుమ్మానికి వేలాడే ఆ పలక చెప్పిందే తీర్పు. ఆ వారం ఏ ప్లేటు ఎక్కువ అమ్ముడైతే దాని పేరు పైన. సినిమా పాటల్ని కిందికి తోసి ఇద్దరు కుర్రాళ్ళ ప్రైవేటు రికార్డు పైకెక్కడం అదే మొదలు.

కృపానందం కళ్ళు తుడుచుకున్నాడు. రామకోటేశ్వరరావు మాత్రం రోడ్డు వంక చూస్తున్నాడు.

"కాస్త నవ్వరా కోటేశూ. ఎవరో పోయినట్టు నిలబడ్డావు."

"పేరొచ్చిందిగా. ఇంక ఆపేద్దాంరా," అన్నాడు కోటేశు.

నిజానికి వాళ్ళు చేసేది పాటని పెద్దలెవరూ ఒప్పుకోలేదు. రాగం లేదు. గుణదల కృపానందం డప్పు మీద దరువేస్తూ, మాటల్ని తరుముతూ ప్రశ్న విసురుతాడు. పటమట కోటేశు అంతే జోరుగా జవాబు తనే కట్టి అందుకుంటాడు. పెద్దలు పెదవి విరిచారు, రిక్షావాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు.

కృపానందానికి కావలసింది పేరు కాదు. కిందటేడు గుణదల కొండ మీద మేరీమాత తిరనాళ్ళకని బయల్దేరిన అతని చెల్లెలు మార్త, మర్నాడు ఏలూరు కాలవలో తేలింది. రేవులో కాలు జారి పడిందని రాసుకుని పోలీసులు వెళ్ళిపోయారు. కృపానందం నమ్మలేదు. రేవులో ఏం జరిగిందో చూసినవాళ్ళు ఒక్కరైనా ఉంటారు, పాట చెవిన పడితే వాళ్ళే వెతుక్కుంటూ వస్తారని అతని ఆశ.

షాపు ముందు జీపు ఆగింది. దిగినవాడు రైసుమిల్లు వెంకటప్పయ్య. మార్త ఆయన మిల్లులోనే కూలికి వెళ్ళేది. ఒకటి రెండుసార్లు ఆయన జీపెక్కమని పిలిస్తే ఎక్కకుండా ఇంటికి నడిచొచ్చింది.

"ఆ 'రేవు' ప్లేటు ఒకటి ఇవ్వండి," అన్నాడు వెంకటప్పయ్య. "ముందు వినిపించండి."

సంజీవరావు గారు ముల్లు పెట్టారు. డప్పు మోగింది. దారినపోయేవాళ్ళు సైకిళ్ళు దిగి నిలబడ్డారు. చివరి చరణం వచ్చేసరికి కోటేశు సిగరెట్ కోసమని బయటికి వెళ్ళాడు.

*చేతిలో ఏముంది చెల్లీ, చివరికి చేతిలో ఏముంది?*
*వెలిగించని కొవ్వొత్తి అన్నా, రెండుగా విరిగింది.*
*రేవులో రెండో మెట్టు మీద అలాగే ఉండిపోయింది.*

మద్రాసు స్టూడియోలో ప్లేటు మీద ఇంకా చోటు మిగిలిందంటే, కాగితం కూడా లేకుండా అప్పటికప్పుడు పుట్టిన చరణమది. జనాన్ని ఏడిపించింది అదే.

"నా మిల్లెదురు హోటల్లో పొద్దస్తమానం ఇదే పాట. జనం నా వంక అదోలా చూస్తున్నారు," అన్నాడు వెంకటప్పయ్య. ప్లేటు చంకలో పెట్టుకుని కృపానందం ముందుకొచ్చి నిలబడ్డాడు. "దీనికి జవాబు నాకూ కావాలోయ్."

జీపు వెళ్ళిపోయింది.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నాడు," అన్నాడు కృపానందం.

కోటేశు సిగరెట్ పారేసి లోపలికొచ్చాడు. "వాళ్ళతో మనకెందుకురా? కంపెనీ వాళ్ళు మళ్ళీ ప్లేట్లు కొడుతున్నారుగా. ఆ చివరి చరణం తీసేసి కొట్టమందాం. మరీ పొడుగైంది."

"అది తీస్తే పాటేముందిరా?"

కృపానందానికి స్నేహితుడి మీద జాలేసింది. మొదట్నుంచీ కోటేశుది పిరికి గుండె. ప్రాక్టీసుకి వచ్చినప్పుడల్లా టీ ఇచ్చిన మార్త పోతే, సమాధికి కూడా రాలేక జ్వరంతో ముసుగేసుకుని పడుకున్నాడు.

ఆదివారం గుణదలలో కృపానందం ఇంటి పెరట్లో రెండో రికార్డుకి ప్రాక్టీసు పెట్టుకున్నారు. ఎవరింట్లోనో పెళ్ళి, మైకులో 'రేవు' మోగుతోంది. పెళ్ళిలో కూడా ఆ పాటే. కోటేశు గడ్డిమంట వేసి డప్పు కాస్తున్నాడు. వేడికి చర్మం బిగుసుకుంటేగాని దరువు పలకదు.

తడిక తోసుకుని ఒక ముసలామె లోపలికొచ్చింది. కాలవ గట్టు మీద గుడిసెలో ఉండే మాణిక్యమ్మ.

"నీతో మాట్లాడాలి బాబూ. పాట విన్న కాణ్ణుంచీ నిద్ర పట్టడంలేదు."

కృపానందం ఇన్నాళ్ళూ ఎదురుచూసింది ఈ మనిషి కోసమే. మంచం వాల్చి కూర్చోబెట్టాడు.

"ఏం చూశావమ్మా? భయపడకుండా చెప్పు."

"కొవ్వొత్తిని చూశాను."

"అది పాటలో మాటమ్మా. మార్త అసలు కొండెక్కిందో లేదో కూడా మాకు తెలీదు."

"పాటలో మాట కాదు బాబూ. తెల్లారకముందే నీళ్ళకెళ్ళాను. రెండు ముక్కలూ రెండో మెట్టు మీదే ఉన్నాయి. దీపానికి పనికొస్తాయని ఇంటికి తెచ్చుకున్నా. పొద్దెక్కాక పిల్ల తేలిందని తెలిసి, నన్నెక్కడ పట్టుకుంటారోనని పొయ్యిలో పడేశా. మా ఆయనక్కూడా చెప్పలా."

"అక్కడ ఎవరినైనా చూశావా? వెంకటప్పయ్యని గానీ..."

"ఎవర్నీ చూళ్ళేదు బాబూ. కానీ నేను గాక ఆ ముక్కల్ని చూసినోడు ఆ రాత్రి పిల్ల పక్కన ఉన్నోడే. వాడే మీకు చెప్పుండాలి. ఎవరు చెప్పారు?"

కృపానందం కోటేశు వైపు తిరిగాడు. పెరట్లో కమురు వాసన కమ్ముకుంది. డప్పు చర్మం కాలిపోతోంది, కోటేశు దాన్ని మంట మీంచి తియ్యడంలేదు.

ఆ పాటలో కృపానందం కట్టింది ప్రశ్నలే.